ఆక్టా కోర్ ఫోన్ల ఎనిమిదీ నిజంగ పని చేస్తయా?

మానేరు_మల్లన్న
అందరికి నమస్తే. మా నాయినకు ఫోన్ తీసుకుందామని నిన్న కరీంనగర్‌ల మూడు షాపులు తిరిగిన. షాపు పిలగాడు రెండు డబ్బాలు ముందట పెట్టిండు. ఒకదాంట్ల హీలియో జీ36 ప్రాసెసర్, ఇంకోదాంట్ల డైమెన్సిటీ 6300. రెండోది జర పిరం. ఎందుకు పిరమంటే "ఫైవ్‌జీ సార్" అన్నడు. మరి ప్రాసెసర్ల తేడా ఏందంటే రెండు డబ్బాల మీద ఒకటే మాట మీద వేలు పెట్టిండు: ఆక్టా కోర్. "రెండు సేమే సార్, ఎనిమిది కోర్లు."

నా డౌటేందంటే, మా నాయిన ఒకపారి ఒకటే పని చేస్తడు. యూట్యూబ్‌ల భజనలు వింటున్నప్పుడు వాట్సాప్ ముట్టడు. ఫోన్‌పే కొట్టేటప్పుడైతే ఊపిరి గూడ పీల్చడు. గసొంటి మనిషికి ఎనిమిది కోర్లు, అంటే ప్రాసెసర్ల పని చేసే ఎనిమిది మెదళ్లు, ఎందుకు? ఒకటి పని చేసి ఏడు పండుకుంటయా?

పాతచింతకాయ
మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. 2013లో క్వాడ్ కోర్ (నాలుగు కోర్లు) అని డబ్బా మీద అరచేతంత అక్షరాలు చూసి ఒక ఫోన్ కొన్నాను (కంపెనీ పేరు వద్దులెండి, మానిన పుండు). ర్యామ్ 1 జీబీ. కాల్ వస్తే తెర వెలిగేలోపు అవతలివాళ్ళు పెట్టేసేవాళ్ళు. కోర్ల లెక్కంతా అమ్ముకునేవాళ్ళ గారడీ.

ఆపిల్_అప్పారావు
అదే మేం మొదట్నుంచీ చెప్తున్నాం. 2014లో ఐఫోన్ 6కి రెండే కోర్లు, 1 జీబీ ర్యామ్. 2015లో 6ఎస్‌కీ రెండే. అప్పటికే ఆండ్రాయిడ్ వైపు ఎనిమిది కోర్ల జాతర నడుస్తోంది. వేగం కొలిచే గీక్‌బెంచ్ యాప్‌లో ఒక్క కోర్ స్కోరు తీసి చూస్తే ఎవరిది ముందుందో అందరికీ తెలుసు.

పదహారు_మిల్లీ
అప్పారావు గారూ, సగం కథ చెప్పి ఆపేశారు. రెండు కోర్లే చాలనుకుంటే ఆపిల్ అక్కడే ఉండిపోయేది కదా? 2016లో ఐఫోన్ 7కి పెట్టిన ఏ10 ప్రాసెసర్‌లో రెండు పెద్దవి, రెండు చిన్నవి. అందులో ఒకసారికి ఒక జతే పనిచేసేది. మరుసటి ఏడు ఏ11లో రెండు పెద్దవి, నాలుగు చిన్నవి, ఆరూ ఒకేసారి నడవగలిగేవి. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఐఫోన్ ఆరు కోర్ల దగ్గరే ఉంది. ఊరికే పెట్టుకోలేదు.

మల్లన్నా, మీ ప్రశ్నకి సూటిగా వస్తాను. ఆ షాపు అబ్బాయి చెప్పిన "రెండూ సేమ్" అన్నది తప్పు. హీలియో జీ36లో ఉన్నవి ఎనిమిదీ కార్టెక్స్ ఏ53 అనే చిన్న రకం కోర్లు, 2.2 గిగాహెర్ట్జ్ వరకూ. డైమెన్సిటీ 6300లో రెండు ఏ76లు 2.4 గిగాహెర్ట్జ్ వరకూ, ఆరు ఏ55లు 2 గిగాహెర్ట్జ్ వరకూ. లెక్కకి ఎనిమిదీ ఎనిమిదే. కానీ ఏ76 వేరే జాతి, పెద్ద కోర్.

రేషన్ షాపు లైను ఊహించుకోండి. ఏ53, ఏ55 లాంటి చిన్న కోర్ ఆదేశాలను వచ్చిన వరసలోనే తీసుకుంటుంది. ముందున్న పెద్దాయన సంచీలో కార్డు వెతుక్కుంటుంటే వెనక ఉన్నవాళ్ళంతా నిలబడాల్సిందే. ఏ76 "మీరు కాస్త పక్కకి జరగండి, కార్డు చేతిలో ఉన్నవాళ్ళు రండి" అంటుంది. మెమరీ నుంచి డేటా రావడానికి వందల క్లాక్ చక్రాలు (గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల చక్రాలు) పట్టొచ్చు, ఆ ఖాళీలో వెనక ఉన్న పనులు తెమిలిపోతాయి. అందుకే గిగాహెర్ట్జ్ అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నా పనిలో అంత తేడా.

మానేరు_మల్లన్న
రేషన్ షాపు ముచ్చట సమజైంది అన్నా. మరి డబ్బా మీద ఎనిమిది అని ఒక్కటే ఎందుకు రాస్తరు? రెండు పెద్దయి, ఆరు చిన్నయి అని రాయొచ్చు గద.

పాతచింతకాయ
రాస్తే కొంటారా మరి!

కోర్లు లెక్కపెట్టడంలో ఎంత కళ ఉందో 2013 మోటో ఎక్స్‌ని చూడండి. దానికి ఎక్స్8 అని పేరు పెట్టారు. అసలు ప్రాసెసర్ కోర్లు రెండు. గ్రాఫిక్స్‌వి నాలుగు, మాట వినడానికొకటి, కదలికలు పసిగట్టడానికొకటి. కలిపి ఎనిమిది. పెళ్ళికి వచ్చినవాళ్ళని లెక్కపెట్టమంటే గుర్రాన్ని కూడా కలిపినట్టు.

అదే ఏడు గెలాక్సీ ఎస్4లో ఎక్సినోస్ 5 ఆక్టా. నాలుగు ఏ15 (పెద్దవి), నాలుగు ఏ7 (చిన్నవి). పేరుకి ఎనిమిది, ఏ క్షణంలో చూసినా నడిచేది నాలుగే. ఇవి లేస్తే అవి పడుకోవాలి.

పదహారు_మిల్లీ
ఈ రెండూ నిజమే, ఒప్పుకుంటాను. ఇంకోటి నేను కలుపుతా: 2013లో చిప్‌లు చేసే మీడియాటెక్ ఎనిమిదీ ఒకేసారి నడిచే ఎంటీ6592 చిప్ తెస్తే, పోటీ కంపెనీ క్వాల్‌కామ్ పెద్ద అధికారి ఒకాయన ఎనిమిది కోర్లంటే తెలివితక్కువ పని అన్నాడు. ఏడాది తిరక్కుండా 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీయే ఎనిమిది ఏ53లతో స్నాప్‌డ్రాగన్ 615 ప్రకటించింది.

కానీ మార్కెటింగ్ గారడీ ఉందని అసలు వస్తువే దండగ అనకూడదు. ఒకే కోర్ ఫోన్ వాడిన రోజులు గుర్తున్నాయా ఎవరికైనా?

బోర్డు_బాబాయ్
నాకు గుర్తుందండి. గుడివాడలో 2009 నుంచి రిపేరు షాపు నాది. 832 మెగాహెర్ట్జ్ ఒంటి కోర్ ఫోన్లు కుప్పలుగా వచ్చేవి. పాట పెట్టి, ఇంకోపక్క ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ కొట్టండి, పాట గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు "గ్ర్... గ్ర్..." అనేది. కస్టమర్లేమో స్పీకర్ పోయిందనుకుని తెచ్చేవాళ్ళు. స్పీకర్ మార్చమని గొడవ కూడాను.

పదహారు_మిల్లీ
బాబాయ్ గారు చెప్పినదాంట్లోనే అసలు జవాబుంది.

మల్లన్న నాయిన గారు ఒకసారికి ఒకే పని చేస్తారు, సరే. ఫోన్ మాత్రం ఒక్క పనే చేయదు. భజన వీడియో ఆడుతున్నప్పుడు నెట్ నుంచి ముక్కలు తెచ్చేది ఒక థ్రెడ్ (విడిగా నడిచే పనివరస), ధ్వనిది ఒకటి, తెర మీద బొమ్మ కూర్చేది ఇంకొకటి. వెనకాల వాట్సాప్ సందేశాలు దింపుకుంటుంటుంది, ప్లే స్టోర్ ఏదో అప్‌డేట్ చేస్తుంటుంది. యాప్‌లో మనం వేలు పెట్టిన ప్రతిదానికీ జవాబు చెప్పేది మెయిన్ థ్రెడ్. తెర 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేమ్‌లు, అంటే 60 బొమ్మలు) అయితే ఒక్కో ఫ్రేమ్‌కి దానికి దొరికేది 16.6 మిల్లీసెకన్లు (నా పేరు అందుకే). 120 హెర్ట్జ్ అయితే 8.3. ఆ సమయంలో దాన్ని పక్కకి నెట్టి వేరే పని కోర్ మీద కూర్చుంటే ఫ్రేమ్ తప్పుతుంది, మనకి తెర కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. 2014లో ఆండ్రాయిడ్ 5 బొమ్మ గీసే పనిలో కొంత విడదీసి రెండర్ థ్రెడ్‌కి ఇచ్చింది. అంటే ఒక్క యాప్ తెర నడవడానికే రెండు కోర్లకి సరిపడా పని తయారైంది.

తర్వాత ఆండ్రాయిడ్ యాప్‌లను గుంపులు కట్టింది. కంటిముందు ఉన్న యాప్‌కి అన్ని కోర్లూ తెరిచి ఉంచుతుంది, వెనకాల ఉన్నవాటిని చిన్న కోర్ల మీదకి తోసేస్తుంది. మన నాయిన గారి భజన ఆగకుండా ఉండటానికి కారణం ఆ చిన్న కోర్లే, వెనక చాకిరీ అంతా అవి మోస్తున్నాయి కాబట్టి.

పాతచింతకాయ
అంటే అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు.

పదహారు_మిల్లీ
హహ, అంతే అనుకోండి. కాకపోతే ఇక్కడ మీసాలెత్తేవాళ్ళు నలుగురు, అంబలి తాగేవాడు ఒకడు. ఆ తాగేవాడు బలంగా లేకపోతే నలుగురూ ఎత్తి ప్రయోజనం లేదు.

సీలేరు_శ్రీ
మాటలెందుకు, నేను చేసి చూశాను. ఇంట్లో పాత రెడ్‌మీ నోట్ 3 ఉంది, 2016ది. స్నాప్‌డ్రాగన్ 650: రెండు ఏ72లు (పెద్దవి), నాలుగు ఏ53లు (చిన్నవి). రూట్ చేసి (సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకుని) ఉంది కాబట్టి ఏ కోర్ కావాలంటే అది ఆపేయొచ్చు. ఒక్కటే చిక్కు, ఆపినవాటిని సిస్టమ్ తనంతట తానే మళ్ళీ లేపేస్తుంది, ముందు దాని నోరు మూయించాలి. ఆ తంతుకే నాకు ఒక ఆదివారం పోయింది.

మొదటి రోజు ఏ72లు రెండూ ఆపేసి, నాలుగు ఏ53ల మీద వదిలాను. బ్రౌజర్‌లో వార్తల పేజీ తెరిచి గట్టిగా పైకి తోస్తే కింద తెల్లటి గళ్ళు. వేలు తీసేశాక ఒక్కో ఫొటో నింపాదిగా వచ్చి కూర్చునేది. కీబోర్డు తెరవడానికి ఒక క్షణం ఆలోచించుకునేది.

రెండో రోజు ఏ72లు రెండూ లేపి, ఏ53ల్లో రెండు ఆపేశాను. ఈసారి చెప్పకుండా అమ్మ చేతికిచ్చాను. రోజంతా వాడింది, సాయంత్రం "ఫోన్ బాగు చేశావా, తేలిగ్గా ఉంది" అంది. రెండు రోజులూ నడిచినవి నాలుగే కోర్లు!

మూడో రోజు ఒక్క ఏ53 మాత్రం ఉంచాను. బాబాయ్ గారి "గ్ర్... గ్ర్..." నాకూ వినబడింది. ఫోన్ పక్కన పెట్టేసి టీ పెట్టుకుని వచ్చినా ప్లే స్టోర్ ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

ఆరూ లేపితే నాలుగుకీ ఆరుకీ తేడా నా కంటికి రెండే చోట్ల కనబడింది. బోలెడు యాప్‌లు ఒకేసారి అప్‌డేట్ అవుతున్నప్పుడు ఒకటి. వీడియో కత్తిరించి సేవ్ చేసినప్పుడు ఇంకొకటి.

ఆపిల్_అప్పారావు
శ్రీ గారూ, దండం. నేను చెప్పిందీ ఇదే కదా, బలమైన కోర్లు రెండుంటే చాలు.

సీలేరు_శ్రీ
రెండు పెద్దవి, వాటికి తోడు రెండు చిన్నవి అండీ. చిన్నవి పూర్తిగా తీసేసి రెండు ఏ72లే ఉంచుదామంటే ఈ ఫోన్‌లో కుదర్లేదు, మొదటి చిన్న కోర్ ఆగనంటుంది. కాబట్టి మీ మాట నిజమో కాదో నా దగ్గర తేలలేదు.

బెజవాడ_బైకు
నేను ఆర్డర్లు మోసేవాడిని. నా ఫోన్‌లో మ్యాప్, ఆర్డర్ల యాప్, చెవిలో పాట, మధ్యలో కస్టమర్ కాల్, అన్నీ ఒకేసారి. కోర్లు ఎక్కువ ఉంటే నాలాంటోడికి మంచిదే. కానీ మేలో బెంజ్ సర్కిల్ దగ్గర మధ్యాహ్నం రెండింటికి బండి హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి చూడండి. ఎన్ని కోర్లున్నా మ్యాప్ మలుపు దాటాక "ఎడమకు తిరగండి" అంటుంది. ఇదేంటి?

పదహారు_మిల్లీ
వేడి అన్నా. చిప్ వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ముందు కోత పడేది పెద్ద కోర్లకే. పైన ఎండ, తెర పూర్తి వెలుగు, జీపీఎస్, ఛార్జింగ్ కూడా పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు. హ్యాండిల్ మీద కాస్త నీడ పడే హోల్డర్ వాడి, ఛార్జింగ్ తీసేసి చూడండి.

వేడి మాట వచ్చింది కాబట్టి, కోర్లు ఎక్కువ పెట్టడానికి ఉన్న అసలు కారణం నా దృష్టిలో ఇదే. వేగం కాదు, కరెంటు. కోర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచక తప్పదు, అందుకని రెండు వైపులా దెబ్బ. ఊరికే లెక్క కోసం 2 గిగాహెర్ట్జ్ దగ్గర 1.1 వోల్టులు, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 0.8 వోల్టులు అనుకుందాం. ఒక్క కోర్‌ని 2 దగ్గర తోలితే 1.21 × 2 = 2.42. రెండు కోర్లని 1 దగ్గర నింపాదిగా నడిపితే 0.64 × 1 × 2 = 1.28. పని అంతే, ఖర్చు సగానికి దగ్గర. ఒక ఎద్దుని చర్నాకోలతో తోలే బదులు రెండెడ్లని కట్టినట్టు. మిగతా లీకేజీ వగైరా వదిలేశాను, నిపుణులు కొట్టొద్దు.

పాతచింతకాయ
పని రెండు ముక్కలుగా చీలితే కదా రెండెడ్లు? చీలకపోతే?

పదహారు_మిల్లీ
చీలకపోతే మీరే గెలిచారు. 1967లో కంప్యూటర్ ఇంజినీర్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం అదే. వంద మందికి పులిహోర చేయాలి. చింతపండు పిసకడం, మిరపకాయలు తుంచడం, పల్లీలు వేయించడం పంచుకోవచ్చు. పోపు మాత్రం ఒక్కరే వేయాలి, అన్నం ఉడికేదాకా అందరూ ఆగాలి. పనిలో 60 శాతం పంచుకోదగ్గది, 40 శాతం కాదు అనుకోండి. నలుగురు చేస్తే 1.8 రెట్లు వేగం. ఎనిమిది మంది చేస్తే 2.1 రెట్లు. ఊరంతా వంటింట్లో దూరినా 2.5 దాటదు. వెబ్ పేజీలు చాలావరకు ఇలాంటివే. పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ కోడ్ ప్రధానంగా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది, అదే పోపు. అందుకే శ్రీ గారి మొదటి రోజు తెల్లటి గళ్ళు.

అయినా 2015లో ఆనంద్‌టెక్ వెబ్‌సైట్ వాళ్ళు గెలాక్సీ ఎస్6 మీద కోర్ల వాడకాన్ని కొలిచి పెద్ద వ్యాసం రాశారు. పేజీ తెరుస్తున్నప్పుడు, యాప్‌లు అప్‌డేట్ అవుతున్నప్పుడు ఆండ్రాయిడ్ చాలామంది అనుకున్నదానికంటే ఎక్కువ కోర్లనే వాడుకుంటోందని తేలింది. కాసేపే అనుకోండి. ఆ కాసేపే మనం తెర వంక చూస్తూ కూర్చునేది.

పాతచింతకాయ
పది కోర్ల హీలియో ఎక్స్20 ఏమైంది మరి? రెండు ఏ72లు, నాలుగు ఏ53లు, మళ్ళీ తక్కువ వేగంతో ఇంకో నాలుగు ఏ53లు. మూడంతస్తుల మేడ. పదిమంది చేతిలో పాము చావదని మీడియాటెక్‌కే తెలిసొచ్చి మళ్ళీ ఎనిమిదికి దిగింది.

పదహారు_మిల్లీ
దిగింది, నిజమే. పదికి చేరాక పంచడానికి పని మిగల్లేదు. ఇప్పుడు గాలి ఇంకో వైపు వీస్తోంది చూడండి. 2023లో డైమెన్సిటీ 9300 నాలుగు ఎక్స్4, నాలుగు ఏ720లతో వచ్చింది, చిన్న కోర్లు లేవు. 2024లో స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌దీ అదే దారి: 4.32 గిగాహెర్ట్జ్‌వి రెండు, 3.53వి ఆరు. పెద్ద కోర్‌ని తక్కువ వేగంలో నడిపినా చిన్నదానికంటే త్వరగా పని ముగించి త్వరగా పడుకుంటుందని వాళ్ళ లెక్క. అవి మల్లన్న బడ్జెట్ ఫోన్లు కావనుకోండి, ఉబలాటం కొద్దీ చెప్పాను.

బోర్డు_బాబాయ్
మీరు ఎడ్లు, పులిహోర అంటున్నారు గానీ నా బల్ల మీదకి వచ్చే ఫోన్ల సంగతి ఎవరూ అడగట్లేదు. "హ్యాంగ్ అవుతోందండీ" అని వచ్చేవాటిలో కోర్ల పాపం చాలా తక్కువ. పోయిన వారం ఒకావిడ తెచ్చారు, ఎనిమిది కోర్లదే. స్టోరేజీ 32 జీబీ, ఖాళీ 300 ఎంబీ కూడా లేదు. తెరిస్తే అన్నీ శుభోదయం ఫొటోలు, గులాబీలు, దీపాలు, ఒకే వినాయకుడు పదకొండు సార్లు. అవి తీసేసి, వాట్సాప్‌లో ఫొటోలు వాటంతట అవి దిగకుండా ఆపేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు, టీ తాగించి వెళ్ళారు.

మల్లన్నా, డబ్బా మీద స్టోరేజీ ఈఎంఎంసీ రకమా, యూఎఫ్ఎస్ రకమా అన్నది చూడు. ఈఎంఎంసీ ఒంటిదారి వంతెన, ఒకసారికి చదవడమో రాయడమో ఒక్కటే. యూఎఫ్ఎస్‌లో రెండూ ఒకేసారి జరుగుతాయి. అప్‌డేట్ దిగుతున్నప్పుడు ఫోన్ మొరాయించేది చాలాసార్లు అక్కడే. ఎనిమిది కోర్లూ ఆ వంతెన దగ్గరే హారన్ కొట్టుకుంటూ నిలబడతాయి. ఇంకోటి, "4 ప్లస్ 4 ర్యామ్" అంటారే, ఆ రెండో 4 ఆ స్టోరేజీలోంచి కోసిందే. దాన్ని లెక్కలోకి తీసుకోకు.

మానేరు_మల్లన్న
బాబాయ్, గిది మంచిగ చెప్పినవు. రేపు మళ్ల పోయి అడుగుత.

వేదిక_పెద్ద
అప్పారావు గారూ, పాతచింతకాయ గారూ, మీరిద్దరూ పెట్టిన పదకొండు వ్యాఖ్యలు "ఐఫోన్ వర్సెస్ ఆండ్రాయిడ్" దారానికి తరలించాను. అక్కడ కొట్టుకోండి.

ఆపిల్_అప్పారావు
అందులో నాలుగే నావి.

మానేరు_మల్లన్న
అన్నలు, తీస్కున్న. డైమెన్సిటీ 6300దే. యూఎఫ్ఎస్ 2.2 అని ఫోన్ల పేజీల ఉంది, డబ్బా మీద లేదు. షాపు పిలగాన్ని "ఇండ్ల ఏ76లు ఎన్ని" అని అడిగిన. పైనుంచి కిందికి చూసి ఓనర్‌ను పిలిచిండు. ఓనర్ అచ్చి "ఆక్టా కోర్ సార్" అన్నడు.

నాయిన చేతులకు తీస్కోని మొదలు అడిగింది టార్చి ఏడుందిరా అని. స్పీడ్ గురించి ఒక్క మాట అనలే.

సీలేరు_శ్రీ
అన్నా, మీ నాయిన గారి పాత ఫోన్ ఏం మోడల్? పారేసేదుంటే నాకు పంపించండి, కొరియర్ ఖర్చు నాది. ఎనిమిదీ ఏ53లే ఉన్న స్నాప్‌డ్రాగన్ 625 ఒకటి దొరికితే నా నోట్ 3తో పక్కపక్కన పెట్టి చూడాలని ఎప్పట్నుంచో ఉంది. అది 14 నానోమీటర్ పద్ధతిలో చేసిన చిప్, నాది 28 (అంకె తగ్గేకొద్దీ కరెంటు తక్కువ తింటుంది). బ్యాటరీ విషయంలో 625దే పైచేయి అంటారు, ఒక్క కోర్ వేగంలో 650ది. కళ్ళతో చూడాలి.

మానేరు_మల్లన్న
చెల్లె, నీ అదృష్టం, అది 625దే. గని నాయిన ఇయ్యనంటుండు. కొత్తదాంట్ల ఫోన్‌పే, పాతదాంట్ల భజనలట. నీకు కావాల్నంటే ఊరికి అచ్చి కొలుచుకోమన్నడు.